వాడ నుంచి ఉత్తరాలు – 14: ఫైలు ఎవరిది?



పోయిన భాగంలో పలాస జీడి పరిశ్రమల్లో మస్టరు పుస్తకాల గురించి రాశాను. అది చదివిన ఒక డిగ్రీ విద్యార్థి రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు. "సార్, మా నాన్నకి క్వారీలో రెండుసార్లు దెబ్బ తగిలింది. రెండు కేసులున్నాయంటున్నారు. ఏ కేసు ఎక్కడుందో మాకు తెలీదు. లాయరు గారిని అడిగితే కసురుకుంటున్నారు. లాయరుని మార్చుకోవచ్చా?"

మార్చుకోవచ్చు. అంతవరకు ఒక్క ముక్కలో చెప్పేశాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్లాడు అడిగిన ప్రశ్న ఏడేళ్ళ క్రితం మా ఇంట్లో నేను అడగాల్సింది. అడగలేదు. పైగా తప్పు కూడా చేశాను. అందుకే ఈ భాగం.

మా చిన్నాన్న టెక్కలి చుట్టుపక్కల నీలిరాయి మీద బతికినవాడు. ఇక్కడి గ్రానైటు ఏ దేశం ఇళ్ళలో పరుస్తారో ఆయనకు తెలీదు. ఆ రాయిని కోసే మిషను శబ్దం మాత్రం నిద్రలో కూడా గుర్తుపట్టేవాడు. 2016లో పాలిషింగు యూనిట్లో ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. అప్పటికాయన వయసు 42. యజమాని ఆసుపత్రి ఖర్చు పెట్టుకుని, చేతిలో 30,000 పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. మేమందరం "మంచి మనిషి, వదిలెయ్యలేదు" అనుకున్నాం. ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళాడు, ఈసారి క్వారీలోకి. 2019లో వెనక్కి వస్తున్న టిప్పరు చక్రం కింద కాలు పడింది. మోకాలి కింద తీసేశారు.

శ్రీకాకుళం ఆసుపత్రి వరండాలోనే మధ్యవర్తులు వచ్చేశారు. ఒకతను "బండి కదా, మోటారు కేసు వేద్దాం" అన్నాడు. ఇంకొకతను "కార్మిక శాఖలో వేస్తే తొందరగా వస్తుంది" అన్నాడు. మూడో మనిషి బీమా ఫారాలు తెచ్చాడు. పిన్ని ఏడుస్తోంది. చిన్నాన్న మగతలో ఉన్నాడు. చదువుకున్నవాడిని నేనే కదా, అందరూ నా మొహం చూశారు. నేను చూసిందేమిటంటే, నింపని వకాల్తాలు రెండు. ఇద్దరు వేర్వేరు లాయర్ల పేర్ల మీద. చిన్నాన్న వేలిముద్ర వేశాడు. కింద సాక్షి సంతకం నాది.

కారా మాస్టారి 'యజ్ఞం' కథ ప్రతి ఏడూ క్లాసులో చెబుతాను. అప్పల్రాముడి అప్పు మీద ఊరి పెద్దలు చేసిన పంచాయితీలో ఆ లెక్క ఎవరు రాశారు, ఎవరు చదివారు, ఎవరు ఒప్పుకోవాల్సి వచ్చింది అని పిల్లల్ని గుచ్చిగుచ్చి అడుగుతాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నవాడిని, మా సొంత చిన్నాన్న ఖాళీ కాగితం మీద సాక్షి సంతకం పెట్టాను.

ఎనిమిది నెలల తర్వాత ఒకే నెలలో రెండు చోట్ల నుంచి వాయిదా కబురు వచ్చింది. ఒకటి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నుంచి. ఇంకొకటి శ్రీకాకుళంలో కార్మిక శాఖ అధికారి దగ్గర నుంచి. ఒకే కాలికి రెండు కేసులు. ఒక లాయరుకి ఇంకో లాయరు సంగతి తెలీదు. మాకు ఇద్దరి సంగతీ తెలీదు.

ఇక్కడ కాస్త చట్టం చెప్పుకోవాలి. ఓపిగ్గా చదవండి, మీ ఇంట్లో ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

పనిలో ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. మొదట వర్క్‌మెన్ పరిహార చట్టం అన్నారు. 2009 సవరణతో ఉద్యోగుల పరిహార చట్టం అయింది. దీని గొప్పతనం ఒక్కటే. తప్పు ఎవరిది అని అడగదు. పని చేస్తుండగా, పని వల్ల దెబ్బ తగిలిందా లేదా, అంతే. రోజుకూలీ అయినా వర్తిస్తుంది. "నువ్వు నా మనిషివి కాదు, కాంట్రాక్టరు మనిషివి" అంటే కుదరదు, 12వ సెక్షన్ ప్రకారం అసలు యజమాని కూడా బాధ్యుడే.

మోటారు వాహనాల చట్టం వేరు. అక్కడ సాధారణంగా డ్రైవరు నిర్లక్ష్యాన్ని రుజువు చెయ్యాలి. కానీ రుజువైతే డబ్బు ఎక్కువ రావచ్చు. జీతానికి గరిష్ఠ పరిమితి లేదు, నొప్పికీ బాధకీ భవిష్యత్తు సంపాదనకీ కూడా లెక్క కడతారు. ఒకే ప్రమాదం రెండు చట్టాల కిందికీ వస్తే, మోటారు చట్టం 167వ సెక్షన్ ఏదో ఒకటి ఎంచుకోమంటుంది. రెండూ కుదరవు. ఎంచుకునే హక్కు ఎవరిది? దెబ్బ తగిలినవాడిది. మా ఇంట్లో ఆ ఎంపిక వరండాలో మధ్యవర్తులు చేసేశారు.

మోటారు కేసు లాయరు దగ్గరికి వెళ్ళాం. మొదట కోప్పడ్డాడు. తర్వాత కూర్చోబెట్టి గంటసేపు చెప్పాడు. ఇక్కడ వస్తే ఎక్కువొస్తుంది, కానీ క్వారీ లోపలి దారి బహిరంగ స్థలం కాదని బీమా కంపెనీ వాదిస్తుంది, పోలీసు కాగితాల్లో మీ చిన్నాన్నే అజాగ్రత్తగా వెనక నిలబడ్డాడని రాశారు, ఏళ్ళు పట్టొచ్చు అన్నాడు. మంచీ చెడూ రెండూ చెప్పి "మీ ఇష్టం" అన్నాడు. మేం కార్మిక శాఖ దారి ఎంచుకున్నాం. సాక్ష్యం మొదలవకముందే ఆయన పిటిషను ఉపసంహరించి, కాగితాలన్నీ మా చేతిలో పెట్టాడు. టైపింగు ఖర్చు మాత్రం తీసుకున్నాడు. ఆయన్ని నేనెప్పుడూ మర్చిపోను. లాయర్లందరూ దొంగలు అని కామెంట్లలో రాయబోయేవాళ్ళు దయచేసి ఈ పేరా మళ్ళీ చదవండి.

అసలు తగువు రెండో లాయరుతో. ఏడాదిన్నర వాయిదాలయ్యాక ఒకరోజు కబురు పెట్టాడు. లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుందాం, మూడున్నర లక్షలు, రెండు ప్రమాదాలూ కలిపి చెల్లు, అందులో నా వాటా ముప్పై శాతం. సంతకం పెట్టిన ఫారం ఇప్పటికే తన దగ్గరుందన్నాడు.

ఆ రోజు ఆయన ఆఫీసులో నాకు కనిపించిన దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఎదురుగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. చిన్నాన్న చంకలో కర్ర పెట్టుకుని ఒంటికాలి మీద నలభై నిమిషాలు నిలబడ్డాడు. బయటికొచ్చాక "కూర్చోలేదేం చిన్నాన్నా" అన్నాను.

"ఆరు కూకోమన్నేదు కదరా" అన్నాడు.

"సంతకం ఎప్పుడు పెట్టావు?"

"నానేటి సెప్తాన్రా. ఆ బాబు ఎక్కడెయ్యమంటే అక్కడేసినాను. ఏటి రాసినారో నాకేటి తెలుసు."

క్వారీ యజమాని ముందు నిలబడ్డట్టే తన సొంత లాయరు ముందు నిలబడ్డాడు మా చిన్నాన్న. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే. మన కేసులు యజమాని గేటు దగ్గర సగం పోతే, మిగతా సగం మన లాయరు బల్ల దగ్గర పోతున్నాయి. కారణం లాయరు చెడ్డవాడు కావడం ఒక్కటే కాదు. ఆయన్ని మనం పెట్టుకున్నాం అన్న సంగతి మనకే తెలియకపోవడం. చదువుకున్నవాడి ముందు, కాగితం ఉన్నవాడి ముందు నిలబడటం మనకు తరాలుగా నేర్పారు. కులం కేవలం పని విభజన కాదు, పనిచేసేవాళ్ళ విభజన అని బాబాసాహెబ్ అన్నారు. ఆ విభజన క్వారీతో ఆగిపోదు, లాయరు ఆఫీసులో కుర్చీ దాకా వస్తుంది.

ఇప్పుడు ఆ మూడున్నర లక్షల లెక్క చూద్దాం. సాహిత్యం చదువుకున్నవాడికి కూడా అర్థమయ్యే లెక్కే.

శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం కలిగితే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి చట్టంలో ఉన్న ఒక సంఖ్యతో గుణించాలి. చనిపోతే 50 శాతం. జీతం ఎంతున్నా లెక్కకు ఒక పరిమితి ఉంది. 2010 నుంచి అది 8,000. 2020 జనవరి 3 నుంచి 15,000. చిన్నాన్న రెండు ప్రమాదాలూ 8,000 కాలంలోవే.

కాలు పోయినప్పుడు ఆయన వయసు 45. ఆ వయసుకి సంఖ్య 169.44. 8,000లో 60 శాతం 4,800. దాన్ని 169.44తో గుణిస్తే 8,13,312 రూపాయలు. మోకాలి కింద కాలు తీసేస్తే చట్టం పట్టికలో 50 శాతం నష్టం అని ఉంది. ఆ లెక్కన 4,06,656. లాయరు అంతకంటే తక్కువకి బేరం ఆడుతున్నాడు. అందులో ముప్పై శాతం పోతే చిన్నాన్న చేతికి రెండున్నర లక్షలు కూడా రావు.

కానీ 50 శాతమే ఎందుకు? ఒంటికాలితో క్వారీలో ఏ పని చేస్తాడు? 1975 డిసెంబరులో సుప్రీం కోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో తేల్చింది ఈ సంగతే. మన పక్కనే ఒడిశాలో ఒక వడ్రంగి కింద పడి ఎడమచెయ్యి పోగొట్టుకున్నాడు. ఒక్క చేత్తో వడ్రంగం చెయ్యలేడు కాబట్టి అతని నష్టం నూటికి నూరు అన్నారు నలుగురు జడ్జీలు. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడుతుందని కూడా అదే తీర్పు చెప్పింది. నెల దాటినా ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా. ఆ వడ్డీ మాట మా లాయరు రాజీలో లేనే లేదు.

ఇంకో పొరపాటు కూడా మన ఊళ్ళలో మామూలు. పింఛనుకి తెచ్చుకున్న సదరం సర్టిఫికెట్‌లో శాతం ఎంతుందో, పరిహారం కూడా అంతే అనుకుంటాం. సదరం ఒంటిని కొలుస్తుంది. పరిహార చట్టం ఆ ఒంటితో సంపాదించే శక్తి ఎంత పోయిందో కొలవాలి. రెండూ ఒకటి కాదు.

మేం రాజీకి ఒప్పుకోలేదు. లోక్ అదాలత్ మంచిదే, కానీ అక్కడ ఒకసారి రాజీ అయితే అప్పీలు లేదు. ఇష్టం లేకపోతే కుదరదని చెప్పి లేచి వచ్చెయ్యొచ్చు, కేసు మామూలుగా నడుస్తుంది. లాయరు ఫైలు ఇవ్వనన్నాడు. నా ఫీజు కట్టి తీసుకెళ్ళండి అన్నాడు. అప్పుడు నేర్చుకున్నవి వరసగా రాస్తున్నాను.

గెలిస్తే ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం మన దేశంలో లాయర్లకు నిషేధం. బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. టెక్కలిలోనూ పలాసలోనూ "పర్సెంటు" అనేది ఎంత మామూలు మాట అయినా సరే.

ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు ఆపే హక్కు లాయరుకి లేదు. 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది. న్యాయమైన ఫీజు రావాల్సి ఉంటే వేరే దారిలో వసూలు చేసుకోవాలి, ఫైలుని తాకట్టు పెట్టుకోకూడదు.

కక్షిదారు స్పష్టంగా చెప్పకుండా అతని హక్కు వదులుకునే రాజీ లాయరు చెయ్యకూడదు. 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ సొసైటీ కేసులో అదీ తేలింది.

వకాల్తా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. పాత లాయరు అభ్యంతరం లేదని రాసివ్వడం ఆనవాయితీ. ఇవ్వకపోతే కేసు వింటున్న అధికారికే ఆ సంగతి రాసి అనుమతి అడగొచ్చు. మేం చేసింది అదే. ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపి, ఆ రసీదు జతచేశాం.

నిజంగా మోసం జరిగితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు చెయ్యొచ్చు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడం కుదరదు, 2024 మేలో సుప్రీం కోర్టు ఆ తలుపు మూసేసింది. మేం ఫిర్యాదు చెయ్యలేదు. ఫైలు వచ్చాక ఇక వద్దన్నాడు చిన్నాన్న. ఆ నిర్ణయం ఆయనది.

కొత్త లాయరు ఎక్కడి నుంచి వస్తాడు? ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద అర్జీ చాలు. ఒక కుర్ర లాయరు దొరికాడు. మన పేటల నుంచి మొదటి తరం నల్లకోటు వేసుకున్నవాడే. అనుభవం తక్కువ, కానీ ప్రతి వాయిదా తర్వాత ఫోన్ చేసి ఏం జరిగిందో చిన్నాన్నకే చెప్పేవాడు, నాకు కాదు. మొదట నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. తర్వాత అర్థమైంది, కేసు చిన్నాన్నది.

2022లో ఉత్తర్వు వచ్చింది. నూరు శాతం నష్టం ఒప్పుకున్నారు. వడ్డీతో కలిపి పదకొండు లక్షలు దాటింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది గెలుపు కథ అవుతుంది. కానీ ఇంకో ఫైలు ఉంది. అసలు పుట్టని ఫైలు.

వేళ్ళ ప్రమాదం వేరే ప్రమాదం, వేరే పరిహారం. కాలి పిటిషన్‌లో కలిపేస్తే వచ్చేది కాదు, దానికదే వెయ్యాలి. ఒక చేతికి రెండు వేళ్ళు పోతే పట్టికలో 20 శాతం. 42 ఏళ్ళకి సంఖ్య 178.49. లెక్క కడితే 1,71,350 రూపాయలు. మాకు ముట్టింది 30,000. హక్కు వదులుకుంటున్నానని రాసిన ఏ కాగితమైనా 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు, ఆ తెల్లకాగితం కూడా చెల్లదు. కానీ పిటిషను రెండేళ్ళలో వెయ్యాలి. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించవచ్చు, అడిగాం. ఆ రోజు ఆయన అక్కడ పనిచేశాడనడానికి కాగితం లేదు. మస్టరులో పేరు లేదు. ఆసుపత్రి చీటీలో "ఇంటి దగ్గర దెబ్బ" అని రాసుంది, ఎవరు చెప్పి రాయించారో మీకు తెలుసు. అది పోయింది. "మంచి మనిషి" అనుకున్న మా కృతజ్ఞత ఖరీదు లక్షా నలభై ఒక్క వేలు.

అందుకే మిత్రులారా, మెసేజ్ పెట్టిన తమ్ముడికి, మీ అందరికీ చెబుతున్నాను. మొదట అడగాల్సింది లాయరు మంచివాడా కాదా అని కాదు. మనకెన్ని క్లెయిములున్నాయి, ఏది దేనితో కలుస్తుంది, ఏది దేన్ని మింగేస్తుంది, అని.

రెండు ప్రమాదాలైతే రెండు క్లెయిములు. ఒక్కోదానికి గడువు వేరు.

ఒకే ప్రమాదానికి మోటారు చట్టం, పరిహార చట్టం రెండూ వర్తిస్తే ఒకటే ఎంచుకోవాలి.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్ళు ఈఎస్‌ఐలోనే అడగాలి, పరిహార చట్టం కింద కుదరదు. అందుకే ముందు ఆ కార్డు ఉందా లేదా చూడాలి. జీతంలో కోత పడుతూ కార్డు చేతికి రానివాళ్ళు పలాసలో నాకు తెలిసినవాళ్ళే ఉన్నారు.

అదే దెబ్బకు సివిల్ కోర్టులో దావా వేస్తే పరిహార చట్టం తలుపు మూసుకుంటుంది.

ఇవి కాక, బ్యాంకు ఖాతాతో వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు. అవి వచ్చాయని యజమాని బాధ్యత తీరిపోదు. "గవర్నమెంటు ఇచ్చింది కదా" అనే మాట దగ్గర మనవాళ్ళు ఆగిపోతారు, ఆగొద్దు. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో మన ఉత్తరాంధ్ర కూలీలు ఎంతోమంది. అలాంటప్పుడు టీవీలో వినిపించేది ప్రభుత్వాల ఎక్స్‌గ్రేషియా మాటే. యజమాని చట్టప్రకారం కట్టాల్సింది ఎంత అన్నది ఎవరూ అడగరు. ఒకటి దయ, ఇంకొకటి బాకీ.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చాక పలాస స్టేషనులో సంచులతో రైలెక్కినవాళ్ళను చూశాను. చెన్నైలో, హైదరాబాదులో ఏదైనా జరిగితే అక్కడే కేసు వెయ్యాలనుకుని, అక్కడి మేస్త్రీ చూపించిన లాయరుకి వేలిముద్ర వేసి వస్తారు. అవసరం లేదు. 21వ సెక్షన్ ప్రకారం కార్మికుడు లేదా అతని కుటుంబం ఉంటున్న జిల్లాలోనే వెయ్యొచ్చు. వజ్రపుకొత్తూరులో ఉన్న భార్య చెన్నైలో జరిగినదానికి శ్రీకాకుళంలో అడగొచ్చు.

చావు జరిగినప్పుడు గేటు ముందు శవం పెట్టి పెద్దమనుషులు చేసే బేరం మనకందరికీ తెలుసు. చనిపోయినవాళ్ళ పరిహారం, అలాగే ఆడవాళ్ళకిచ్చే ఏకమొత్తం పరిహారం, అధికారి దగ్గర డిపాజిట్ చెయ్యాల్సిందే అని 8వ సెక్షన్. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సుకి మాత్రం మినహాయింపు. జీడిపిక్కలు కొట్టే యూనిట్లో చెయ్యి నలిగిన అక్కకి కవరులో పెట్టిచ్చిన డబ్బు పరిహారం కింద లెక్కకి రాదు.

ఈ చట్టం గొప్పదని పాట పాడటం లేదు. రాతి ధూళితో వచ్చే సిలికోసిస్ వృత్తి జబ్బుల జాబితాలో ఉంది. ఎండలో గొడ్డుచాకిరీ చేసే ఉద్దానం మనుషుల కిడ్నీలు తినేస్తున్న జబ్బు ఆ జాబితాలో లేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, మంచిదే. కానీ పని వల్ల వచ్చిందని పరిహారం అడగడానికి దారి లేదు. మూడు నెలల్లో తేల్చాలని 2009 సవరణలో రాసుకున్న కేసులు మూడేళ్ళు సాగుతాయి.

లాయర్ల వైపు నుంచి కూడా ఒక మాట. ముందు ఒక్క రూపాయి తీసుకోకుండా, స్టాంపులూ టైపింగూ డాక్టరు సాక్ష్యం ఖర్చూ తామే పెట్టుకుని, మూడేళ్ళు తిరిగేవాళ్ళున్నారు. మనం శాతాన్ని తప్పంటే వాళ్ళెలా బతకాలి అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు: ముందుగా ఒక మొత్తం మాట్లాడుకోండి, రాసుకోండి, వాయిదాల మీద కట్టండి, రసీదు తీసుకోండి. పేదవాడికి కూడా అది సాధ్యమే, పెళ్ళికి చీటీ కడుతున్నాం కదా. అంతకంటే ముఖ్యం, ఈ కేసుల్లో లాయరే ఉండాలని లేదు. 24వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి హాజరు కావచ్చు. అధికారి అనుమతిస్తే కార్మికుడు రాసిచ్చిన ఇంకెవరైనా హాజరు కావచ్చు. అంటే మీరు కూడా.

1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన మనిషి, బారిస్టరుగా కోర్టులో నిలబడిన మనిషి, ఇద్దరూ ఒకరే. ఆయన ఫొటోకి దండ వేసే మనం, మన పేటలో దెబ్బ తగిలినవాడి ఫైలు చదవడానికి ఒక ఆదివారం ఇవ్వలేమా?

ఒక నోటుపుస్తకం కొనండి. ఒక్కో ప్రమాదానికి ఒక పేజీ. తేదీ, స్థలం, ఎవరి కింద పని, పక్కనెవరున్నారు, ఏ ఆసుపత్రి, చీటీలో ఏం రాశారు, జీతం ఎంత, గడువు ఏ రోజుకి అయిపోతుంది. ఏ లాయరు, ఏ కేసు నంబరు, ఫీజు ఎంత అనుకున్నారు, తర్వాతి వాయిదా ఎప్పుడు. ప్రతి కాగితానికీ ఫోన్లో ఫొటో. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వద్దు. సాక్షి సంతకం అసలే వద్దు, ముఖ్యంగా చదువుకున్నవాళ్ళు.

ఒక హెచ్చరిక. పైన రాసిన పరిహార చట్టం సెక్షన్లన్నీ 1923 చట్టానివి. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది, ఆ చట్టం అందులో ఒక అధ్యాయమైపోయింది. పనికి వెళ్ళే దారిలోనో తిరిగొచ్చే దారిలోనో జరిగిన ప్రమాదానికి పనితో సంబంధం చూపగలిగితే అదీ లెక్కలోకి వస్తుందని కొత్తగా చేర్చారు. ఆ తేదీ తర్వాతి ప్రమాదాలకు కొత్త సెక్షన్లు చూసుకోండి. పాత ప్రమాదాల ఫైళ్ళు మాత్రం మన పేటల్లో ఇంకా చాలా ఉన్నాయి.

తమ్ముడూ, నీ మెసేజ్‌కి పూర్తి జవాబు ఇది. ముందు మీ నాన్నని కూర్చోబెట్టి రెండు ప్రమాదాల తేదీలు రాయి. తర్వాత నాన్నతో కలిసి లాయరు గారి దగ్గరికి వెళ్ళు. తగువు పెట్టుకోకు. "అయ్యా, రెండు కేసుల నంబర్లు కావాలి, కాగితాల నకళ్ళు కావాలి" అని మర్యాదగా అడుగు. ఇస్తే ఆయన మంచి లాయరే, మార్చక్కర్లేదు. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడుగు, వారం చూడు, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. శ్రీకాకుళం కలిసి వెళ్దాం.

ఒక్క విషయం మర్చిపోకు. అక్కడ కుర్చీ ఖాళీగా ఉంటే, ఎవరూ చెప్పకపోయినా, ముందు నాన్నని కూర్చోబెట్టు.

వచ్చే భాగంలో: ఆసుపత్రి చీటీలో "ఇంటి దగ్గర దెబ్బ" అని ఎలా రాయిస్తారు, దాన్ని ఎలా దిద్దించాలి.

జై భీమ్.